చెమట పట్టని గఫూర్

“నీళ్లు పోసుకోని చెమటంటావేందిరా? నన్ను ఎర్రోడనుకుంటాండావా?”

“చెమటని నేను చెప్పలేదన్నా. ఒంటికి తడి లేకుంటే నిలబడలేను.”

“అందరికీ కారతాండ్లా? నీకొక్కనికే బక్కెట్టా?”

నంద్యాల బొరుగుల బట్టీలో, మూటల వెనక సంచులు కుడుతున్న జావేద్‌కు అంతా వినిపిస్తోంది. యజమాని మద్దిలేటి, గఫూర్ చొక్కా పట్టి లాగి వాసన చూశాడు. “చూడండ్రా, వాసనే లేదు! పని చేసేటోని గుడ్డేనా ఇది?” అందరూ నవ్వారు. జావేద్ కూడా నవ్వాడు.

ఇరవై ఏళ్లుగా గఫూర్‌ది ఒకటే పని. మూకుట్లో ఇసుక మరీ కాగితే బియ్యం మాడతాయి, పొయ్యిలోకి పొట్టు తగ్గిస్తాడు. చల్లబడితే బొరుగులుగా పేలవు, మళ్లీ పొట్టు ఎగదోస్తాడు. మనిషి ఒళ్లు కూడా ఇలాగే తన వేడిని తానే కాచుకుంటుంది. వేడెక్కిందని మెదడుకు తెలియగానే చర్మానికి కబురు పోతుంది. చెమట కారుతుంది, ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. ఒళ్లు చల్లబడితే కబురూ ఆగుతుంది, చెమటా ఆగుతుంది. గఫూర్ ఒంట్లో కబురు పోతుంది గానీ అందుకునే చర్మం లేదు. మూడేళ్ల కింద ఇదే బట్టీలో కాగిన ఇసుక మీద పడి మెడ నుంచి నడుము దాకా, రెండు చేతులూ కాలిపోయాయి. కాలినచోట నున్నటి తోలు వచ్చింది. చెమట మాత్రం మళ్లీ రాలేదు.

“తోలు మానింది గదరా, ఇంకా ఏం నాటకాలు?” అంటూ మద్దిలేటి, గఫూర్ ఒళ్లు తడుపుకునే నీళ్ల బక్కెట్టును బయటికి తన్నాడు.

మే నెల. మధ్యాహ్నానికి గఫూర్ మాట తడబడింది. పొట్టుకు బదులు బియ్యాన్ని పొయ్యిలోకి తోశాడు.

“తాగొచ్చినాడు నా కొడుకు,” అన్నాడు మద్దిలేటి.

గఫూర్ చుక్క ముట్టడని జావేద్‌కు తెలుసు. నోరు విప్పలేదు. విప్పితే రేపు తనకూ పనుండదు. గఫూర్ పొయ్యి ముందు బోర్లా పడ్డాక, ముట్టుకున్నవాడి చెయ్యి చురుక్కుమన్నాక, తన్నేసిన ఆ బక్కెట్టుతోనే నీళ్లు తెచ్చి పోశారు.

ప్రాణం దక్కింది. పని పోయింది. ఇంకోసారి నిప్పు దగ్గరికి పోతే చస్తావని డాక్టర్ చెప్పి పంపాడు.

వారం తర్వాత జావేద్ బట్టీ నుంచి నేరుగా గఫూర్ ఇంటికి వెళ్లాడు. గఫూర్ తల దువ్వుకుని కూర్చున్నాడు. పక్క మంచంలో అతని భార్య మైమూనా దగ్గుతోంది.

“రేపు ఆళ్లగడ్డకు పోతాండా. ఆడ బట్టీలో మనిషి కావాల్నంట.”

“డాక్టరు ఏం చెప్పినాడు మామూ? సస్తావు.”

“ఈడ కూసుంటే బతుకుతానా? మైమూనా మాత్రలు నువ్వు తెస్తావా?”

జావేద్ నేల మీద కూర్చున్నాడు. అతని చొక్కా వీపుకు అతుక్కుని, చంకల కింద తెల్లటి ఉప్పు చారలు కట్టి ఉంది. గఫూర్ దాన్నే చూస్తున్నాడు.

“ఆ పొద్దు నవ్వితివి గదా, నా గుడ్డకు వాసన లేదని.”

జావేద్ చొక్కా అంచును కిందికి లాక్కున్నాడు.

“నీ చొక్కా ఇడ్సి ఇయ్యి బేటా. ఉతకొద్దు. ఆడ సావుకారి ముందర అదేసుకోని నిలబడ్తా.”