ఒంటిమీద గీత పడని వెర్లిన్

వెర్లిన్ టాలెఫ్సన్ మా కౌంటీలో ముప్ఫై ఒక్క చలికాలాలు మంచు తీసే లారీ నడిపాడు. అన్నేళ్ళలో తన బండికి ఒక్క గీత కూడా పడలేదని చెప్పుకునేవాడు. అంతకుమించి ఆయన చెప్పుకున్న కబుర్లేవీ నాకు గుర్తు లేవు. ఎదురుపడితే తల ఊపుతాడు, మరీ ఉత్సాహంగా ఉంటే రెండుసార్లు ఊపుతాడు.

రిటైరయ్యాక ఆయనకు మిగిలిన లోకం గురువారాల పేకాట. మా విస్కాన్సిన్‌లో గొర్రెతల అనే ఆట ఉంది. ఐదుగురు కూర్చుంటారు. డైమన్ జాకీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు బల్ల మీద బోర్లించిన ముక్కలు ఎత్తుకున్నవాడికి రహస్య జత. ఆ ముక్క కింద పడేదాకా ఎవరు ఎవరి వైపో పైకి తెలియకూడదు. ముఖం రాయిలా పెట్టుకోవాలి. వెర్లిన్‌కి ఆ ముఖం పెట్టుకోవలసిన అవసరమే లేదు, పుట్టుకతోనే వచ్చింది. అయితే ఆ ఐదుగురిలో ఇద్దరు పోయారు, ఒకడు మోకాళ్ళ నొప్పులని అరిజోనా వెళ్ళిపోయాడు. మిగిలిన ఇద్దరితో ఆట సాగలేదు.

అప్పుడు వెర్లిన్ చెల్లెలు లవోన్ ఆయన్ని మా శనివారాల బల్లకు పట్టుకొచ్చింది. లైబ్రరీ వెనక గదిలో మధ్యాహ్నం పూట మేం ఆడేది పాచికల ఆట. ఒక్కొక్కరం ఒక పాత్రను కాగితం మీద తయారు చేసుకుని, గుహల్లో, కోటల్లో రాక్షసులతో తలపడుతుంటాం. కథ నడిపేది నెంగ్ లోర్. కట్టుడు పళ్ళు తయారుచేయడం అతని పని. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడే గానీ, రాక్షసుల తరఫున ఆలోచించడంలో ముదురు. నా పేరు ఆర్డిస్, ఇరవై ఆరేళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచినదాన్ని, ఆటలో దొంగని. లవోన్ పాత్ర ఓస్రా, గాయాలు మాన్పే సన్యాసిని. మాకు అడ్డం నిలబడే రక్షకుడి పాత్ర ఆడినతను గ్రీన్ బే ఊరికి ఇల్లు మార్చేశాడు. ఆ ఖాళీలో వెర్లిన్‌ని కూర్చోబెట్టాం.

"నీ పని ఒక్కటే. ఓస్రాని చావనివ్వకు," అంది లవోన్.

"చస్తే ఏమవుతుంది? మళ్ళీ ఇంకోటి రాసుకోవచ్చుగా."

"మా బల్ల దగ్గర చస్తే చచ్చినట్టే వెర్న్. కాగితం నెంగ్‌కి ఇచ్చెయ్యాలి. పదకొండేళ్ళ నుంచి ఓస్రాని ఆడుతున్నాను. పోయిన చలికాలం కేన్సర్‌కి మందులు ఎక్కించుకుంటూ నేను మంచం దిగలేకపోతే, శనివారాలు ఆటలో ఓస్రా నడిచింది నా బదులు. ఇది పోతే నేనింక ఆడను."

వెర్లిన్ తల ఊపాడు. రెండుసార్లు. ఆ మందుల రోజుల్లో ప్రతి మంగళవారం అరవై మైళ్ళు ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆయనే. దారి పొడుగునా రోడ్డు మీద మంచు గురించి తప్ప ఇంకోటి మాట్లాడలేదట.

ఇక పాత్ర తయారీ మొదలైంది. పొట్టి జాతి వీరుణ్ణి ఎంచుకున్నాడు. పేరేం పెడతావని నెంగ్ అడిగితే, "వెర్లిన్" అన్నాడు. వేరే పేరు పెట్టుకోవచ్చని చెప్పాం. "నాకున్న పేరుకేమయింది?" అని అయోమయంగా చూశాడు.

ఒక్కో పోరు ముగిశాక ఒక కొత్త విద్య ఎంచుకోవచ్చు. ఆయన ఏం ఎంచుకుంటున్నాడో మాకు తెలియదు. కాగితాన్ని ఛాతీకి ఆనించుకుని, అరచేయి అడ్డం పెట్టి రాసుకునేవాడు. నెంగ్ ఎవరి కాగితంలోకీ తొంగిచూడడు, పెద్దవాళ్ళు లెక్కలు వాళ్ళే చూసుకుంటారని అతని నమ్మకం. నేను మాత్రం మెడ సాచేదాన్ని. నేను సాచినప్పుడల్లా వెర్లిన్ కాగితం బోర్లించేవాడు.

"మనం ఒకే జట్టు బాబూ," అన్నాను.

"అది చివర్లో తెలుస్తుంది," అన్నాడాయన, గొర్రెతల ఆడినట్టే.

నెల గడిచింది. ప్రతి పోరులోనూ జరిగేది ఒకటే. రాక్షసులు వెర్లిన్‌ని ఒకసారి ఎగాదిగా చూసి, పక్కనుంచి నడిచొచ్చి మమ్మల్ని చితక్కొట్టేవాళ్ళు. నా దొంగకి ఒక చెవి పోయింది. ఓస్రా రెండుసార్లు చావు దాకా వెళ్ళొచ్చింది. వెర్లిన్ ఒంటిమీద మాత్రం ఒక్క దెబ్బ లేదు. పోరు అయ్యాక తన ప్రాణం పాయింట్లు చూసుకుని, "నలభై రెండుకి నలభై రెండు," అని సంతోషంగా చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"వాటికి బుద్ధుంది మరి," అన్నాడు నెంగ్. "కొడితే కత్తి వంగిపోయే మనిషిని వదిలేసి, మెత్తగా ఉన్నవాళ్ళ మీదికి పోతాయి. మీరైనా అదే చేస్తారు."

ఆ రోజు కార్ల దగ్గర నేను అద్దం మీద మంచు గీక్కుంటుంటే వెర్లిన్ వచ్చి నిలబడ్డాడు. తన అద్దం గీక్కోవడం ఎప్పుడో అయిపోయింది. నా చేతిలోంచి గీకుడు బద్ద తీసుకుని నా అద్దం మొదలుపెట్టాడు.

"ఆర్డిస్, నేను బాగా ఆడుతున్నానా?"

"లేదు."

"నాకు దెబ్బలే తగలడం లేదుగా."

"అదే లోపం."

గీకడం ఆపేసి నావైపు తిరిగాడు. "దెబ్బలు తగలకుండా ఉండటానికేగా ఇంత కవచం. కవచం పెంచితే లవోన్‌కి తగులుతున్నాయి. తగ్గిస్తే నేను చస్తాను, అప్పుడు లవోన్‌కి అడ్డం ఎవరుంటారు? ఎటు చూసినా లెక్క కుదరడం లేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంటే నమ్ము."

నమ్మాను. కళ్ళకింద సంచులు కనిపిస్తూనే ఉన్నాయి. మేకులా గుచ్చే జవాబు ఒకటి నా నాలిక మీద ఉంది గానీ మింగేశాను. అద్దం శుభ్రంగా గీకి, తల ఊపి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరిలో మేం ఆటలో ఉప్పుగని దాకా వచ్చాం. పెద్ద గుహ. ఎదురుగా గదలు పట్టుకున్న మూడు రాక్షసాకారాలు. నేను బయటికి పోయే తాళ్ళ నిచ్చెన సగం ఎక్కేశాను. ఓస్రా ఇంకా కిందే ఉంది, మూడు ప్రాణం పాయింట్లతో. వెర్లిన్ ఓస్రాకి ముందు నిలబడ్డాడు. ఏం లాభం, గుహ వెడల్పుగా ఉంది, పక్కనుంచి పది మంది పోవచ్చు.

"మూడూ మిమ్మల్ని దాటి ఓస్రా వైపు వెళ్తున్నాయి. మీ వంతు," అన్నాడు నెంగ్.

లవోన్ బార్‌ల డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. బాదంపప్పు పెట్టి ఆ చాక్లెట్ బార్‌లు తనే చేసి తెచ్చింది. ఎవరూ ముట్టలేదు.

వెర్లిన్ తన కాగితం తిప్పి బల్ల మధ్యలో వెల్లకిలా పెట్టాడు. "నాకు తెలియడం లేదు. మీరే చూడండి," అన్నాడు.

చూశాం. మందపాటి చర్మం, ఉక్కు ఎముకలు, మొండి గుండె, డాలు మీద డాలు. ఎంచుకున్న విద్యలన్నీ తనని తాను కాచుకునేవే. శత్రువుని ఆపేది, కవ్వించేది, కాలు పట్టి లాగేది ఒక్కటి లేదు. రక్షకుడికి మొదట కావలసింది అదే. మొదటి రోజే మేం కూర్చుని చూపించి ఉంటే సరిపోయేది. నేను ఆయన మీద విసుక్కున్నానే గానీ, ఒక్కటీ నేర్పలేదు. సిగ్గేసింది.

"నేను డాలు పారేస్తే అవి నావైపు వస్తాయా?" అని అడిగాడు.

నెంగ్ పెన్సిల్ కొరికాడు. "ఒకటి వస్తుందేమో."

"శిరస్త్రాణం కూడా తీసేస్తే?"

"రెండోది ఆగుతుంది. మూడోది ఓస్రా దగ్గరికి వచ్చేసింది. దానికి మీ వైపు చూడాల్సిన పని లేదు. ఏదైనా చేసి చూసేలా చెయ్యాలి. ఏమైనా అంటారా దాన్ని?"

"ఏమనాలి?"

"మీ ఇష్టం. మీ పాత్ర ఏమంటాడు?"

వెర్లిన్ నా వైపు చూశాడు. లవోన్ వైపు చూడలేదు. అరవై ఆరేళ్ళ మనిషి, నలుగురిలో గొంతు పెంచడం ఎరగనివాడు, కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ముఖం కందగడ్డలా అయిపోయింది. ఎదురుగోడకున్న పుస్తకాల అలమర వైపు చూస్తూ అరిచాడు.

"ఒరేయ్, అటు పోకు. అది నా చెల్లెలు. కొడితే నన్ను కొట్టు."

ఆటలో ఓస్రా ఆయనకి చెల్లెలు కాదు. ఏమీ కాదు. మామూలుగా అయితే అలాంటివి పట్టుకునేది నేనే. ఈసారి వదిలేశాను. పక్కగదిలోంచి లైబ్రరీ ఆవిడ వచ్చి తలుపులోంచి తొంగిచూసి వెళ్ళింది.

నెంగ్ అన్నాడు, "మూడోది వెనక్కి తిరిగింది."

మూడు గదలూ పొట్టి వీరుడి మీద పడ్డాయి. డాలు లేదు, శిరస్త్రాణం లేదు. వెర్లిన్ ఇరవై ముఖాల పాచిక వేస్తే నాలుగే పడింది, తక్కువ పడితే దెబ్బ తగిలినట్టే. తర్వాత ఏడు. నలభై రెండు కాస్తా ఇరవైకి పడిపోయింది, ఆ తర్వాత ఆరుకి దిగింది. ఆ రెండు వంతుల్లో ఓస్రా నిచ్చెన అందుకుంది, నేను చేయి ఇచ్చి పైకి లాగాను. మూడో వంతులో వెర్లిన్ పాచిక రెండు చూపించింది.

ఆయన కాగితం నెంగ్‌కి అందించాడు. అడగకముందే ఇచ్చేశాడు. తర్వాత కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

లవోన్ రెండు చేతులతో ముఖం మూసుకుని ఏడుస్తోంది. మందుల నెలల్లో కూడా ఆమె అలా ఏడవగా నేను చూడలేదు.

వెర్లిన్ నా చెవి దగ్గరికి వంగాడు. నిజంగా భయపడ్డాడు, గొంతులో తెలిసింది.

"బతికిందిగా ఆర్డిస్. మరి ఎందుకేడుస్తోంది?"

"నోర్మూసుకుని దాని పక్కన కూర్చో," అన్నాను.

వెళ్ళి కూర్చున్నాడు.