మర్యాదస్తుడి కడుపునొప్పి

వరద డ్యూటీ మీద గౌతమి పాయలోని ఒక లంక ఊళ్లో దిగాం. మధ్యాహ్నం పన్నెండున్నర. సన్నటి వాన, ఎదురుగాలి. రోడ్డు మీద నడుంలోతు నీళ్లు. మా దగ్గర రెండు రబ్బరు పడవలు, ఒక వైర్‌లెస్ సెట్టు, మందుల పెట్టె, సెల్‌ఫోనుకు తగిలించే చిన్న అల్ట్రాసౌండ్ యంత్రం ఉన్నాయి. నేను మిలిటరీలో నర్సింగ్ అసిస్టెంటుని. రాజమండ్రిలో బీఎస్సీ చదివి, సరిహద్దులన్నీ తిరిగి, చివరికి సొంత జిల్లా మీదికే దండెత్తి వచ్చాను. డాక్టరు కెప్టెన్‌ది పంజాబ్. ఆయనకు తెలుగు రాదు కాబట్టి నోరూ చెవులూ నేనే.

ఊరంతా బడి మేడ మీద ఉంది. ఓ మూల ఆ బడి మాస్టారు మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని కూర్చున్నాడు. ముఖమంతా చెమట. అంత చలిగాలిలో చెమట పట్టడం నాకు నచ్చలేదు.

అపెండిక్స్ అనుమానం వస్తే డాక్టర్లు లక్షణానికి ఇన్ని అని మార్కులు వేస్తారు. రక్తపరీక్షతో కలిపి పదికి. అక్కడ ల్యాబు లేదు గనక ఏడుకే.

"నొప్పి ఎలా ఉందండి మాస్టారూ?"

"అబ్బే, కాస్త ఇబ్బందిగా ఉందండి. అంతే."

"ఆకలి వేస్తోందా?"

"మీరిచ్చిన పులిహోర బ్రహ్మాండంగా ఉందండి."

"వాంతులు?"

"అలాంటివేం లేవండి. ముందు ఆ పెద్దవాళ్లని చూడండి."

పొట్ట కుడిపక్క కింద కెప్టెన్ నొక్కితే "పర్లేదండి" అన్నాడు. థర్మామీటరుకు మాత్రం మొహమాటం లేదు, జ్వరం చూపించింది. ఏడుకు ఒకటి.

కెప్టెన్ లేవబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"సార్, మా వైపు సాయానికి వచ్చినవాళ్ల దగ్గర బాధ చెప్పుకోరు. అతిథిని కష్టపెట్టినట్టు అనుకుంటారు. ఆయన భార్యని అడుగుదాం."

ఆవిడ పులిహోర పొట్లం తీసి చూపించింది. కట్టిన దారం కట్టినట్టే ఉంది.

"నిన్న బొడ్డు దగ్గరన్నారండి, పొద్దున్నుంచీ కుడిపక్కకి దిగింది. ఒకటే వాంతులండి. మిలిటరీవాళ్ల ముందు పరువు తియ్యకే అంటారు. ఏంటండీ ఈ మనిషి!"

"నువ్వూరుకోవే," అన్నాడు మాస్టారు, ఊపిరి బిగబట్టి.

కెప్టెన్ మళ్లీ నొక్కాడు. ఈసారి మాట వినలేదు, ముఖం చూశాడు. చెయ్యి చటుక్కున తీసేసరికి మాస్టారి కాలివేళ్లు ముడుచుకుపోయాయి. ఏడుకు ఏడు. మంచి మార్కులు చూసి భయపడటం నాకు అదే మొదలు.

స్కాన్ పెట్టాం. పేగుల్లో గాలి అడ్డం. తెర మీద బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు.

"కనపడలేదంటే లేదని కాదు," అన్నాడు కెప్టెన్. "పగిలితే ఇక్కడ మన చేతిలో ఏమీ ఉండదు. ఆసుపత్రికి పంపాలి."

వైర్‌లెస్‌లో పైవాళ్లని అడిగితే జవాబొచ్చింది: "ప్రవాహం ఎక్కువగా ఉంది. వరద తీసేదాకా ఆగండి. ఓవర్."

"ఇది ఆగదు. నా బాధ్యత మీద పంపుతున్నాను. ఓవర్," అన్నాడు కెప్టెన్.

పడవ నడిపే హవల్దారు ఏటివైపు చూసి, నావైపు తిరిగాడు.

"ఈతొచ్చా?"

"గోదారోణ్ని."

"నేనడిగింది అది కాదు."

"రాదు."

మాస్టారికి లైఫ్ జాకెట్ తొడిగి, పడవ అడుగున పడుకోబెట్టాం. నేను సెలైన్ సీసా ఎత్తి పట్టుకున్నాను. నడి ఏట్లో తాటిదుంగ ఒకటి మా మీదికి వచ్చింది. హవల్దారు పడవని చటుక్కున పక్కకి తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. ఎర్రటి నీళ్లు మమ్మల్ని సముద్రం వైపు తీసుకుపోతున్నాయి. హవల్దారు ఇంజను తాడు లాగుతున్నాడు. నాకు తెలిసిన దేవుళ్లందరి పేర్లూ అయిపోయాయి.

మాస్టారు కళ్లు తెరిచాడు. "మీరు భోంచేశారాండి?"

నేను సెలైన్ సీసా ఇంకో చేతికి మార్చుకున్నాను. ఇంజను లేచింది.

గట్టున అంబులెన్సు ఉంది. ఆసుపత్రిలో సి.టి. స్కాన్ తీస్తే, వేలంత లావున ఉబ్బిన అపెండిక్స్, చుట్టూ నీరు. సర్జను అటునుంచి అటే ఆపరేషన్‌కి తీసుకెళ్లాడు. మాస్టారు బతికాడు.

నీళ్లు దిగాక యూనిట్‌కి తిరిగొచ్చాం. సామాను అప్పజెబుతుంటే మాస్టారికి తొడిగిన లైఫ్ జాకెట్ నా చేతికొచ్చింది. ఏరు దాటినంతసేపూ ఆయన ఒక్క మూలుగు మూలగలేదు. కాలరు మీద రెండు వరసల పళ్ల గాట్లు. నారింజరంగు గుడ్డ తెగి, లోపలి తెల్లటి స్పాంజిలోకి దిగి ఉన్నాయి.