గుడారం మీది ఎర్ర బిందె

జాతర అంటే మగోళ్లకు సంబురం, పిల్లలకు సంబురం. అది ఎట్లుంటదో సామాన్లు సదిరే నన్నడుగుండ్రి. రెండేండ్లకోపారి మేడారం పోయి, అడవిల గుడారమేసుకొని, జాతరైపోయేదాక ఆడనే వండుకొని తిని, ఆడనే పండుకొని వచ్చుడు మా అత్తగారింటి ఆచారం. పోయేది ఇంటిల్లిపాది, సదిరేది నేనొక్కదాన్ని. ఇల్లంత మూటగట్టి అడవిల ఇప్పాలె, మళ్ల అడవిల మూటగట్టి ఇంటికి తేవాలె. మొదటి రెండు మూడు జాతరలు నాకు గూడ ముచ్చటగనే ఉండె. తర్వాత తర్వాత, జాతర దగ్గర పడుతున్నదంటెనే నడుము గుంజుడు మొదలయ్యేది.

ఆ ఏడైతే ఒంట్ల సత్తువనే లేదు. తెలంగాణ కోసం సమ్మె చేసి, మళ్ల పనుల మీదికి పోయినంక, సమ్మెల పోయిన దినాలకు బదులు సెలవు దినాలల్ల గూడ బడి నడపాలె అన్నరు. నేను జనగామ దగ్గర ఒక సర్కారు బడిల పంతులమ్మను. ఆదివారం పొద్దున బడికి పోతే పిల్లలు సగం గూడ వచ్చేటోళ్లు కాదు. వచ్చినోళ్లు నా మొఖం చూసేది, నేను వాళ్ల మొఖం చూసేది. సమ్మె చేసినందుకు నాకు బాధ లేదు, మళ్ల చెయ్యమన్నా చేస్త. కాని వారానికోపారి తలకు పోసుకొని ఎండల కూసునే ఆ జరంత పొద్దు గూడ పోయె. ఇంట్ల మా ఆయననేమన్న అడిగితే "నీ ఇష్టం" అంటడు. బియ్యం ఎన్ని పొయ్యాలె అంటే నీ ఇష్టం, కోళ్లు ఆడ కొందామా ఈడికెళ్లి తీస్కపోదామా అంటే నీ ఇష్టం. ఆ మాట వింటే మంచోడు అనుకుంటరు. అది పని ఎగ్గొట్టే మాట అని నాకు ఎరుకే.

గుడారానికి ముందుగాల పైన కప్పే టార్పాలిన్ బరకం కావాలె. మా పాత బరకాన్ని ఎలుకలు జల్లెడ చేసినయి. మరిపెడ కాడ మా తమ్ముడు మిర్చి పండిస్తడు. నాకొక బరకం ఇయ్యిరా అంటే, కళ్లంల మిర్చి ఆరబోసే కాలంల బరకం అడుగుతవేందక్కా అని గొణిగి, ఆఖరికి ఒక పాతది ఇస్తనన్నడు. బడి ఇడిసినంక మానుకోట పోయి, వాడు టేషన్ కాడికి తెచ్చిచ్చిన బరకాన్ని ప్యాసింజరు రైలుబండిల ఏసుకొని జనగామకు తెచ్చిన. పెట్టెల ఎక్కినోళ్లెక్కినట్టు తుమ్ముడే. ఒకామె, ఏందమ్మా మూటల శవమేమన్న ఉన్నదా అన్నట్టు చూసింది. కాదమ్మా, మిరపకారం అని చెప్పిన. మిద్దె మీద పరిచి సబ్బుపొడి ఏసి కడిగిన, ఎండబెట్టిన, మళ్ల కడిగిన. ఘాటు పోలే. చినిగిన కాడ పాత సంచి ముక్కలు పెట్టి దబ్బనంతోని కుట్టిన. నా పిల్లలిద్దరు చుట్టు తిరుక్కుంట తుమ్ముతున్నరు, నేను ముక్కుకు కొంగు కట్టుకొని కుడుతున్న. మా ఆయనొచ్చి చూసి, మంచిగనే ఉన్నది అని లోపలికి పోయిండు.

అత్త ఉండేది మొగుళ్లపల్లి కాడ ఊర్లె, మా మరిది దగ్గర. ట్రాక్టరు ఆడనే ఉంటది గనుక, బరకం, మూటలు, పిల్లలతోని బస్సులు మారుకుంట ఆడికి చేరినం. వరిగడ్డి పరిచిన ట్రాలీల సామానంత పెట్టుడు మళ్ల నా పనే. బియ్యం, పప్పు, చింతపండు, కట్టెలమోపు, గడ్డపార, చాపలు, లాంతరు, నీళ్ల డ్రమ్ము, మేడారం తల్లులకు మొక్కుగ ఇచ్చే బెల్లం. ఆ బెల్లాన్ని బంగారమంటరు. అది చీమలు పట్టకుండ కాపాడుడు నిజం బంగారాన్ని కాపాడినట్టే.

ఇగ ఎర్ర బిందె సంగతి చెప్పాలె. జాతరల గుడారాలంటే పదో ఇరువయో కాదు, కండ్లు ఆనినంత దూరం అవే. అన్ని ఒక్క తీరే ఉంటయి. అందుకే ఎవరి గుడారం మీద వాళ్లు పొడుగు వెదురుబొంగు పాతి, దాని కొసకు ఒక ఆనవాలు కడతరు. ఒకరు చాట కడతరు, ఒకరు చీపురు, ఒకరు పాత లంగా. మాది ఎర్ర ప్లాస్టిక్ బిందె. అడుగు పలిగింది, నీళ్లకు పనికిరాదు, బోర్లిచ్చి కట్టేది.

మా అత్తకు ఆ బిందె తప్ప వేరే దిక్కు లేదు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఇంకో కన్ను మబ్బు. పోయిన జాతరల తానానికని వాగుకు పోయి, మందిల తప్పిపోయింది. తప్పిపోయినోళ్ల పేర్లు మైకుల చెప్పే కాడికి ఎవరో తీస్కపోయిన్రు. నీ పెనిమిటి పేరేందవ్వా అంటే నోరిప్పలే. మా మామ కాలం చేసి ఏండ్లయింది, అయినా ఆమె నోటెంట ఆ పేరు రాదు. పెద్దోని బాపు అన్నదట. అట్లాంటి బాపులు ఆ అడవిల ఎంతమంది. ఆఖరికి ఊరి పేరు చెప్తే మైకుల పిలిచిన్రట, మాకు వినపడలే. మా పక్కనే కొబ్బరికాయలమ్మేటోడు అంతకన్న పెద్ద మైకు పెట్టుకున్నడు. ఆ పొద్దంత తిరిగి తిరిగి, ఎర్ర బిందె కండ్లవడి, దాని ఆనవాలు పట్టుకొని ఒచ్చింది. గప్పటిసంది ఆమెకు తప్పిపోతనేమో అని ఒకటే భయం. ఈ ఏడు నేను రాను అన్నది మొదలు. బతిమిలాడంగ బతిమిలాడంగ, బిందె కడితే వస్త అన్నది.

అంతట్ల మా మరిది అడ్డం పడ్డడు. వాడు ఉద్యమంల తిరిగేటోడు. రోడ్ల మీద వంటావార్పులు, రాస్తారోకోలు, లాఠీదెబ్బలు అన్ని చూసినోడు. మంచోడే, కాని తిక్కోడు. ఊర్లె పోరగాళ్లంత ఒక మాట అనుకున్నరట, మన ఊరికెళ్లి పోయే ప్రతి గుడారం మీద జై తెలంగాణ జెండా ఎగరాలె అని. బొంగు కొసకు రెండు పట్టవు. జెండా కింద బిందె కడితే గుడ్డల కప్పుకపోతది, జెండా మీద బిందె కడితే ఇజ్జత్ ఉంటదా వదినా అన్నడు. మీ అమ్మకు కండ్లు ఆనవు, నీ ఇజ్జత్ ఆమెకు తొవ్వ చూపిస్తదా అన్న. నాకు ఉట్టిగనే కోపం రాదు, వచ్చిందంటే ఆగదు. మా ఆయనను అడిగితే ఏమన్నడో మీకు తెలుసు.

ఆఖరికి అత్తనే సర్దుకున్నది. పోరగాళ్లు దీనికోసం పానాలిడుస్తున్నరు, నా పలిగిన బిందెదేమున్నది అన్నది. కట్టుకోరా, పెద్ద జెండనే గద, కనవడ్తదిలే అన్నది. అన్నది గని కొంగు కొసను చేతి ఏళ్లకు చుట్టుకుంటనే ఉన్నది. నేను ఇగ నోరు మూసుకొని ఆ బిందెను ట్రాలీల ఒక మూలకు పెట్టిన. నీళ్లు ఆగకపోతే ఏంది, ఉల్లిగడ్డలు ఆగుతయి. బిందెనిండ ఉల్లిగడ్డలు పోసిన.

రేగొండ దాటి, భూపాలపల్లి దాటి, అడవి తొవ్వల ట్రాక్టరు దుమ్ములేపుకుంట పోయింది. మేడారం చేరేసరికి అందరం ఎర్రమన్ను బొమ్మలమైనం. దిగంగనే మరిది గడ్డపారతోని గుంతలు తీసి, బొంగులు పాతి, బరకం కప్పిండు. అందరం తుమ్మినం. పొడుగు బొంగు కొసకు జెండా కట్టి, దూరం పోయి చూసుకొని మురిసిండు. నిజం చెప్పాలె, గాలికి అది రెపరెపలాడుతుంటే నాకు గూడ పానం లేచొచ్చింది. ఆదివారాల అలపంత జరసేపు మరిచిపోయిన.

తెల్లారి నేను పొయ్యి మీద బువ్వ పెట్టి వంగి మంట ఊదుతుంటే, అత్త మా ఊరోళ్లతోని వాగుకు పోయింది. అన్నం ఉడికింది, కూర అయింది, ఊరోళ్లు తిరిగొచ్చిన్రు, అత్త రాలే. తానం చేసినంక మా ఎనకనే ఉండె గద అన్నరు. లేచి చుట్టు చూసిన. అప్పుడు చూసిన, అంతకుముందు ఎందుకు సోయి రాలేదో దేవుడెరుగు. మా పక్క గుడారం మీద జెండా. దాని పక్క దాని మీద జెండా. వాగు ఒడ్డు దాక, చెట్ల ఎనక దాక, జెండాలే. చాటలు లేవు, చీపుర్లు లేవు. అన్ని ఊర్ల పోరగాళ్లు అదే మాట అనుకున్నరు.

మా ఆయన వాగు దిక్కు ఉరికిండు. మరిది మైకు కాడికి ఉరికి, అమ్మా అని పిలిచి పిలిచి, గొంతు పోయి ఒచ్చిండు. ఆ అడవిల అమ్మా అని పిలిస్తే ఎవరమ్మ పలుకుతది. పొద్దు నెత్తిమీదికెళ్లి దిగింది. మరిది మళ్ల ఉరుకుదామని లేసిండు. నాకు కోపం, దుఃఖం ఒక్కపారే ముంచుకొచ్చినయి. ఉల్లిగడ్డలన్ని నేల మీద కుమ్మరిచ్చి, బిందె తీస్కపోయి వాని ముందట పెట్టిన.

"ఇది కట్టు."

వాడు నా మొఖం చూడలే. బొంగు పీకిండు, జెండా ఇప్పిండు, కండ్లకద్దుకొని మడతపెట్టి నాకిచ్చిండు. బిందెను బోర్లిచ్చి సుతిలితోని కట్టి బొంగును మళ్ల పాతిండు. కట్టినంక, కదిలితే అమ్మ రాదేమో అన్నట్టు ఆ బొంగును పట్టుకొని ఆడనే నిలవడ్డడు.

చీకటి పడేముందు, ఒకరి ఆసర లేకుండ, మెడ ఎత్తి పైకే చూసుకుంట అత్త ఒచ్చింది. మంది తగులుతున్నా కిందికి చూడలే. గుడారం కాడికి రాంగనే కూలవడ్డది. నేను పట్టుకొని ఏడ్చిన. నీళ్లు తాగిచ్చిన. అన్నం పెడితే వద్దన్నది, కడుపునిండ చాయ్ నీళ్లే ఉన్నయి అన్నది. ఏడికి పోయినవే, ఎట్ల తప్పిపోయినవే అని మా ఆయన పక్కన కూసొని అడిగిండు.

"ఏ గుడారం కాడికి పోయినా జెండా ఉన్నది బిడ్డా. గిది మాదేనా అనడిగితే, మనదే అవ్వా, కూసో అని చాయ్ పోసిన్రు. అందరు మనదే అన్నరు. నాదేదో ఒక్కలు గూడ చెప్పలే."

మరిది తల వంచుకొని, నేను కుమ్మరిచ్చిన ఉల్లిగడ్డలను మట్టిలకెళ్లి ఒక్కొక్కటే ఏరుకుంట కూసున్నడు.