రుక్కి గొంతు

రుక్కిది బయ్యారం దగ్గరి తండా. రెండేళ్లుగా మా యూట్యూబ్ వీడియోల్లో నటిస్తోంది. తల్లి వేషమిచ్చినా, అత్త వేషమిచ్చినా కళ్లతోనే చూసేవాళ్లను కట్టిపడేస్తుంది. గొంతు మాత్రం ఆమెది కాదు. ఇంట్లో లంబాడీ మాట్లాడే మనిషి, తెలుగులో యాస పడుతుందని మా డైరెక్టర్ నగేష్ జనగామ అమ్మాయితో డబ్బింగ్ చెప్పిస్తాడు. మన తెలంగాణ మాటను సినిమాల్లో వెక్కిరించారని మైకు దొరికితే చాలు మండిపడేదీ ఇతనే! నాకు ఒళ్లు మండేది.

నేను శోభారాణిని. పెద్దవంగరలో బట్టలు కుడతాను, వీడియోల్లో రుక్కికి చెల్లెలిని.

మిర్చి ఏరే కూలి మానుకుని షూటింగుకు వచ్చేది రుక్కి. భర్త హీర్యా అడ్డు చెప్పలేదు, తనే బండి మీద దించిపోయేవాడు. ఆమె దిగులంతా తల్లి సుక్కి గురించే. సుక్కికి చూపు పోయింది. వీడియో పెడితే ఫోను చెవికి ఆనించుకుని, "ఇందుల నా బిడ్డ ఏడున్నది?" అని అడిగేదట.

"ఒక్కపారన్న నా గొంతు ఉంచు తమ్మీ, మా అమ్మ ఇంటది," అని రుక్కి నగేష్‌ను బతిమాలింది.

"సూద్దాం తియ్యక్కా," అని దాటేశాడు.

మొన్న, అక్కాచెల్లెళ్లు ఏళ్ల తర్వాత కలుసుకునే సీను. నవ్వుతూ వాటేసుకోవాలి. రుక్కి ఉరికొచ్చి నా మెడ పట్టుకుని, లంబాడీలో రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. ఒక్క మాటా అర్థం కాలేదు గానీ నాకూ ఏడుపు ఆగలేదు.

"కట్! గిదేందక్కా? సంబురంగ కలిసేకాడ శోకాలేంది?"

"మా తండాల ఆడోళ్లు కలిస్తే గిట్లనే ఏడుస్తరు తమ్మీ. ఏడ్వకుంటే ప్రేమ, పాయిరం లేనట్టే."

"మల్ల తీద్దాం. జర నవ్వు."

నాకు తిక్క రేగింది. "నువ్వే నవ్వుకో! గిది తీసేస్తే నేను గూడ రాను. గీ ఏడుపుకు ఎవలతోని డబ్బింగ్ చెప్పిస్తవో చెప్పియ్యి, నేను సూస్త!"

నగేష్ గొణుక్కుంటూ తీసినదాన్ని మళ్లీ చూసుకున్నాడు. "ఉండనియ్యి," అన్నాడు చివరికి.

వీడియో వచ్చిన రోజు నేనూ తండాకు పోయాను. సుక్కి మంచంలో కూర్చుని ఫోను చెవికి పెట్టుకుంది. కూతురి రాగం వినబడగానే ఫోనును చెంపకు హత్తుకుని, అదే రాగంలో బదులు ఏడవడం మొదలుపెట్టింది. నా ప్రాణం లేచివచ్చింది.

"అమ్మా, నేను ఈడనే ఉన్న గదనే," అంటూ రుక్కి పక్కన కూర్చుంది.

ముసలామె చెయ్యి ఊపి ఆగమంది. ఫోనులో బిడ్డ ఏడుపు ఇంకా అయిపోలేదు.