సాంచాలు ఆగిన ఇంట్లో భూకంపం

మా ఇంటికీ సాంచాల షెడ్డుకూ గోడ ఒకటే. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. మావి నాలుగు. అన్నీ నడుస్తుంటే వంటింటి గచ్చు అదురుతూ ఉండేది. పెళ్లైన కొత్తలో ఆ అదురుకు నాకు నిద్ర పట్టేది కాదు. కొన్నాళ్లకు అది ఆగితేనే మెలకువ వచ్చేది. పాదాల కింద అదురు కాస్త పలచబడిందంటే ఒక సాంచ ఆగిందని, పోగు తెగి మా ఆయన ముడి వేస్తున్నారని తెలిసేది. నాలుగూ ఆగితే చాయ్ పెట్టేదాన్ని. మేం మాట్లాడుకున్నది తక్కువ. ఆయన గోడకు అవతల ఏం చేస్తున్నారో నాకు నేల వల్లే తెలిసేది.

పోయిన వానకాలం ఆయన కరీంనగర్ దవాఖానలో చనిపోయారు. అప్పటి నుంచి సాంచాలు ఆగి ఉన్నాయి. మా మరిది మెట్‌పల్లిలో ఉంటాడు. చలి మొదలయ్యాక ఫోన్ చేశాడు. మా ఊళ్లోనే ఒక నేత పనివాడు షెడ్డును, సాంచాలను కిరాయికి అడుగుతున్నాడట.

"ఉత్తగుంటే తుప్పువడ్తయ్ వదినా. ఆ పనోడు నడిపిస్తే నీకు ఇంట్ల గింత సప్పుడన్న ఉంటది. లేదంటవా, పాత ఇనుము కింద అమ్ముడే."

కిరాయికి ఇవ్వడమే నాకూ బాగుందనిపించింది. అయినా ఆదివారం చెప్తానన్నాను.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. భూకంప తరంగాల పాఠం వచ్చినప్పుడు పిల్లలను వరండాలో ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేయించి వరుసగా నిలబెడతాను. చివరి పిల్లను ముందుకు తోస్తే ఆ తోపు వరుస వెంట ముందుకు పోతుంది. మొదటి తరంగం అలాంటిది. అది వేగంగా వస్తుంది, రాయిలోంచీ పోతుంది, ద్రవంలోంచీ పోతుంది. రెండోది పక్కకు ఊపుతూ వస్తుంది. నెమ్మదిది, కానీ ఇళ్లను ఎక్కువగా ఊపేది అదే. ద్రవంలోంచి అది పోలేదు. ఒకచోట భూకంపం వస్తే భూమికి అవతలి వైపు ఈ రెండో తరంగాలు అందవు. లోపల కరిగిన పొర ఉందని అలా తెలుసుకున్నారు. వచ్చినవాటితో పాటు రానివాటిని కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట. ఈ మాట నాకు ఇష్టం. పిల్లలకు తోసుకోవడం ఇష్టం.

ఆ వారంలోనే ఒక పొద్దున వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. గచ్చు సన్నగా అదిరింది. ఆయన సాంచ మొదలుపెట్టారనుకున్నాను. అనుకోవడమే కాదు, గోడ వైపు తిరిగి పైకే అన్నాను.

"జర చాయన్న తాగి షురూ చెయ్యకపోతివా?"

లేచి స్టవ్ దాకా వెళ్లాను. అప్పుడు రెండోది వచ్చింది. గిన్నెలు గలగలమన్నాయి, పైన బల్బు ఊగింది, నిలబడ్డచోటే తూలాను. భూకంపమని అర్థమైంది. ఆ మొదటిదానికీ ఈ రెండోదానికీ మధ్య ఉన్న కాసేపూ ఆయన బతికే ఉన్నారు.

బయటికి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు. ఎదురింటామె తన షెడ్డు తలుపు బాదుతోంది. ఆమె భర్త జుట్టులోని దూది దులుపుకుంటూ వచ్చాడు.

"ఏందే నీ లొల్లి?"

"భూకంపమచ్చిందయ్యా! నీకు తెల్వనే లేదా?"

"మా సాంచలకాడ దినాం భూకంపమే గదనే. గిదొకటి లెక్కనా?"

"ఇల్లు కూలినా గీయన పోగు సూసుకుంటనే ఉంటడు" అని ఆమె మా అందరికీ చెప్పింది. నవ్వారు. ఆమె నా వైపు తిరిగింది.

"టీచరమ్మా, మన కిందికెల్లే అచ్చిందా?"

"కాదు, దూరం. మన కిందనే అయితే రెండు ఒక్కసారే అచ్చినట్టుంటది. మొదటిది తాకినంక రెండోది జర ఆగి అచ్చింది."

"మొదటిదేంది? మాకు ఒక్కటే తెల్సింది."

పక్కనున్నవాళ్లూ అదే అన్నారు. వాళ్ల షెడ్లలో సాంచాలు నడుస్తున్నాయి. వీధిలో ఆగి ఉన్నవి మావే.

మధ్యాహ్నం టీవీలో గోదావరి అవతలి అడవుల వైపు వచ్చిందని చెప్పారు. తరంగాలు పరికరాలకు చేరిన వేళలను పోల్చి, ఎక్కడ మొదలైందో చెప్పగలరు. నా పాదాలకు అంత తెలివి లేదు. ఇన్నేళ్లూ ఆయన సంగతి నేల చెబుతోందనుకున్నాను. అది చెప్పింది ఏదో కదిలిందని మాత్రమే. ఎవరు కదిలించారన్నది నేను చేర్చుకున్నది. రేపు కిరాయికి తీసుకున్నవాడు స్విచ్ వేసినా గచ్చు అలాగే అదురుతుంది. నేను మళ్లీ గోడ వైపు తిరిగి మాట్లాడతాను. ఆ తర్వాత గుర్తొస్తుంది. రోజూ గుర్తొస్తుంది.

ఆదివారం నేనే ఫోన్ చేశాను.

"సాంచలు అమ్మెయ్."

"అదేంది వదినా! కిరాయికిద్దామన్నట్టే ఉంటివి గద?"

"వేరేటోళ్లు నడిపినా నాకు మీ అన్న నడిపినట్టే అనిపిస్తది."

"గట్లనిపిస్తే మంచిదే గద?" అన్నాడు.

"మంచిగుండది. అమ్మెయ్."

పాత ఇనుము కొనేవాళ్లు లారీ తెచ్చిన రోజు నేను సెలవు పెట్టలేదు. బడి నుంచి వచ్చేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. బోల్టులు పీకినచోట గచ్చులో గుంతలు పడ్డాయి. సిమెంటు పెట్టి పూడ్పిస్తానన్నాడు మరిది. సరేనన్నాను.