ఆమెది కాని ఎరుపు

1997 నవంబరు తొమ్మిదవ తేదీ, ఆదివారం, ఉదయం ఎనిమిదింబావు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. చూరునుంచి ఒకటీ అరా చినుకులు ఇంకా రాలుతున్నాయి. ఎండ వస్తుందో రాదో తేల్చుకోలేని వెలుతురు పెరటి గోడమీద పరచుకొని ఉంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకొని, యూనిఫారమైనా మార్చుకోకుండా, చంకలో ఒక ప్లాస్టిక్ సంచితో నర్సమ్మ వచ్చి కంబళ్ళక్క ఇంటి పెరటి తలుపు తట్టింది. ఇద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదలు.

కంబళ్ళక్క అన్నది వీధి పెట్టిన పేరు. వయసు యాభైకి అటూ ఇటూ. వెలిసిపోయి, మరకలుపడి, పారేయటానికి మనసొప్పక అటకలమీద మూలుగుతున్న పాత ఉన్ని కంబళ్ళకు ఇంటి పెరట్లోనే రంగువేసి ఇవ్వటం ఆమె వ్యాపకం. కొట్లో దొరికే రంగు పొట్లం తన గడప తొక్కరాదన్నది ఆమె పట్టుదల. ఉల్లిపొట్టుతో పసుపు, దానిమ్మ తొక్కలకు తుప్పునీళ్ళు కలిపి బూడిదవన్నె, వాడేసిన టీ ఆకుతో గోధుమవన్నె తీసేది. ఇవన్నీ ఓపికున్న వారెవరైనా చేయగలరు గాని, మంజిష్ఠ వేళ్ళతో ఆమె తీసే ఎరుపు మాత్రం మరొకరి చేతికి రాదని చుట్టుపక్కల వాడుక. పొగడ్తకు పొంగే మనిషి కాదు. అయినా ఎరుపు మాట వచ్చినప్పుడు పమిట సర్దుకొని, కొంచెం నిటారుగా నిలబడేది.

ఆ పని తీరు ఇది. కంబళిని గోరువెచ్చని నీటిలో, రుద్దకుండా, మెలిపెట్టకుండా, చంటిబిడ్డకు నీళ్ళు పోసినంత సుతారంగా ఉతకాలి. వేడినీళ్ళలోంచి చన్నీళ్ళలోకి ఒక్కసారిగా దించితే ఉన్ని బిగుసుకొని అట్టకట్టిపోతుంది. రాత్రంతా పటిక నీళ్ళలో నాననివ్వాలి. దంచి నానవేసిన మంజిష్ఠ వేళ్ళ నీటిని గంగాళంలో పోసి, సన్నని సెగమీద, ఎన్నడూ మరగనివ్వకుండా కాయాలి. ఒక్క పొంగు వచ్చిందా, ఎరుపు కాస్తా మట్టిరంగులోకి దిగజారుతుంది. ఈ సెగ కనిపెట్టి ఉండే పని తోడికోడలిది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకొని కాపురముంటున్నారు, పెరడు ఉమ్మడి. చిన్నామె కొత్తగా కాపురానికి వచ్చిననాడు ఆమెకు పొయ్యి రాజేయటం కూడా చేతకాదు. పెద్దామె పక్కన కూర్చోబెట్టుకొని అన్నీ నేర్పింది. వంట వేళకు తాను లోపలికి వెళ్ళవలసి వస్తే, గంగాళాన్ని నిశ్చింతగా ఆమె మీద వదిలి వెళ్ళేది.

మరొక పద్ధతి కూడా ఉండేది. రంగు వేయబోయే ముందు ప్రతి కంబళికీ అంచున ఉన్న నూలుపట్టీని కుట్టు విప్పి తీసివేసేది. ఉన్ని తాగినట్లు నూలు ఈ రంగును తాగదు కనుక, ఎర్రని కంబళికి పాలిపోయిన అంచు ఎబ్బెట్టుగా ఉంటుందని ఆమె తలంపు. కంబళి ఆరిన తరువాత కొత్త పట్టీ కుట్టేది. ఈ శ్రద్ధే తన కళ్ళకు గంతలు కట్టిందని అప్పటికి ఆమె ఎరుగదు.

నర్సమ్మ సంచి విప్పి కంబళిని బల్లమీద పరిచింది. ఒకప్పుడు పాలవంటి తెలుపు. ఇప్పుడు చివికిన తెలుపు, నడుమ మందు మరకలు. ఒక కొసన మాత్రం తెల్లని దారంతో కుట్టిన పూలతీగ ఉంది. ఆకు ఆకుకూ ఈనెతో సహా కుట్టారు.

"మా అమ్మ కుట్టింది. పోయేముందు చేసిన చివరి పని. మరకలు కనబడకుండా ఎర్రగా చేసివ్వండక్కా. కానీ ఈ తీగ తెల్లగానే ఉండాలి. ఉంటుందంటేనే ఇస్తాను."

"దారం నూలుదా, ఉన్నిదా?"

"నూలే. నేనే కొనుక్కొచ్చి ఇచ్చాను."

"అయితే బెంగ లేదు. నూలు నా రంగు తాగదు. మహా అయితే కాస్త గులాబి నీడ పడుతుంది."

"పాడైతే మళ్ళీ కుట్టడానికి మనిషి లేదక్కా."

"తెలుసమ్మా. అందుకే మాటిస్తున్నాను."

కిటికీ దగ్గర కంట్లో భూతద్దం బిగించుకొని గడియారం బాగుచేస్తున్న భర్త తలెత్తాడు. "మా ఆవిడ ఎరుపు సంగతి మీకు తెలీదు నర్సమ్మగారూ. లెవెల్ క్రాసింగు దగ్గర ఆరేస్తే రైలు ఆగిపోతుంది."

"ముందు ఆ భూతద్దం తీసి మాట్లాడండి. దాంట్లోంచి చూస్తే చీమ కూడా మీకు రైలే" అన్నది కంబళ్ళక్క. పొయ్యి దగ్గరున్న చిన్నామె ఫక్కున నవ్వింది. నర్సమ్మ కూడా నవ్వి, కంబళిని అప్పగించి వెళ్ళింది.

తీగను కదిలించరాదు కనుక ఈ కంబళికి కుట్టు విప్పటమనేది లేదు. కంబళ్ళక్క దానిని ఎప్పటికన్నా జాగ్రత్తగా ఉతికి, పటికలో నానవేసి, గంగాళంలో దించి, వంటకు లోపలికి వెళ్ళింది. సాయంకాలం సెగ ఆర్పి, అందులోనే చల్లారనిచ్చింది.

మరునాటి ఉదయం తీసి చూస్తే ఎరుపు ఎప్పటివలెనే నిండుగా, నిగనిగలాడుతూ ఉంది. తీగ కోసం కొస వెదికింది. ఈ కొసన లేదు. తిరగేసి ఆ కొస చూసింది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ఉబ్బెత్తుగా కుట్టు కనిపించింది. రంగులో మాత్రం కంబళికీ దారానికీ తేడా లేదు. నీళ్ళు మార్చి జాడించింది. మళ్ళీ మార్చింది. ఆ తరువాత చేతులు తుడుచుకొని, తోడికోడలిని పిలిచింది.

"ఇందులో ఏం కలిపావు?"

"నేనేం కలుపుతాను? నువ్వు పోసిన వేళ్ళేగా."

"వేళ్ళ రంగు నూలుకి ఇలా పట్టదు చెల్లీ. నా మొహం చూసి చెప్పు."

చిన్నామె మొహం చూడలేదు. గంగాళం చెవిని గోటితో గీకుతూ నిలబడింది. "పొట్లం వేశాను. నూలు రంగు తాగదని నువ్వే అన్నావుగా. నువ్వన్నావని నమ్మాను."

"నా రంగు తాగదన్నాను. కొట్లో రంగు సంగతి నేనెప్పుడు చెప్పాను?" కంబళ్ళక్క గట్టుమీద కూర్చుంది. "ఇదే మొదటిసారా?"

చిన్నామె గోటితో గీకటం ఆపింది.

"ఎప్పట్నించి?"

"మొదటి ఎరుపు నించీ" అన్నది చిన్నామె. "ఆ రోజు నాకు కునుకు పట్టిందక్కా. లేచి చూసేసరికి కుతకుతా మరిగిపోతోంది. అంతా మట్టి మట్టిగా అయింది. నువ్వు తిడతావని కొట్టుకి పరిగెత్తి పొట్లం తెచ్చి వేశాను. తెల్లారి నువ్వు దాన్ని తాడుమీద ఆరేసి, సంతోషం పట్టలేక ఏడ్చావు. ఇంక ఎలా చెప్పను?"

"తర్వాత చెప్పొచ్చుగా."

"తర్వాత అందరూ అదే ఎరుపు కావాలన్నారు. నీ వేళ్ళతో అది రాదక్కా. పొట్లం వేసేముందు ప్రతిసారీ చూస్తాను. రాదు."

తిట్టినా కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. నాలుగేళ్ళుగా తన చేతిదని నమ్మినదొకటి, ఎవరూ లాక్కోకుండానే, తనది కాకుండా పోయింది.

"వీధిలో వాళ్ళందర్నీ పిలిచి చూపించాను. నా చెయ్యి తిరిగిందన్నాను. నువ్వు పక్కనే నిలబడి తలూపావు."

"నీ సంతోషం చెడగొట్టలేక."

"ఎంత నవ్వుకున్నావో లోపల."

"అంత మాటనకు. ఒక్కనాడు నవ్వుకుంటే ఒట్టు. కావాలంటే బావగార్ని అడు..." అని చిన్నామె నాలిక కరుచుకుంది.

"ఆయన్నెందుకు అడగాలి?"

కంబళ్ళక్క కిటికీ వైపు తిరిగింది. భర్త భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు.

"ఒకసారి కాలవలో పొట్లం కాగితం చూశాను" అన్నాడాయన. "తోడికోడళ్ళ మధ్య నేను పుల్ల పెట్టడమెందుకని ఊరుకున్నాను."

"ఊరుకోలేదు. రైలాగుతుందన్నారు. వచ్చిన ప్రతివాళ్ళతోనూ అన్నారు."

ఆయన సమాధానానికి ఆమె ఎదురుచూడలేదు. కంబళి ఆరగానే మడిచి, తానే తీసుకొని నర్సమ్మ గదికి వెళ్ళింది. అది మేడమీద చిన్న గది. ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు, మేకుకు తగిలించిన యూనిఫారం.

నర్సమ్మ కంబళిని మంచంమీద విప్పింది. "తీగ ఏదక్కా?"

"ఉంది. ఎర్రబడిపోయింది."

"పడదన్నారుగా."

"నా రంగైతే పడదమ్మా. ఇది నా రంగు కాదు. నాకు తెలియకుండా మా ఇంట్లో పొట్లం రంగు కలిపారు."

"ఎవరు?"

"తోడికోడలు."

"మీ గంగాళంలో, మీకు తెలియకుండా?"

"అవును."

నర్సమ్మ ఆ కొసను చేత్తో తడిమింది. "ఉతికితే వదులుతుందా?"

"వదలదు."

"రోజూ వార్డులో చూస్తుంటానక్కా. ఎవరి చేతిలో తప్పు జరిగినా, పక్కావిడ చేసిందనే చెబుతారు. మీరు అలా చెబుతారనుకోలేదు."

కంబళ్ళక్క ప్రమాణం చేయబోయి మానుకుంది. "నీ జాగాలో నేనున్నా నమ్మను" అని, మెట్లు దిగి వచ్చేసింది.

తరువాతి వారం ఆమె తన సొంత కంబళి ఒకటి తీసి, పీట వేసుకొని పొయ్యి ముందర కూర్చుంది. భోజనానికైనా లేవలేదు. చిన్నామె వచ్చి నిలబడితే, "నువ్వు వెళ్ళమ్మా" అన్నది తప్ప వేరే మాట లేదు. నీరు ఒక్కసారి కూడా మరగలేదు. తెల్లవారి తాడుమీద ఆరవేసిన కంబళిది ఇటుకకూ దానిమ్మ గింజకూ నడుమ ఆగిపోయిన ఎరుపు; మెత్తగా, కొంత అలసినట్లు ఉంది. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "ఏంటక్కా, ఈసారి సరిగ్గా తేలనట్టుందే?" అన్నది.

"ఈసారే తేలింది" అన్నది కంబళ్ళక్క. పక్కింటావిడకు అర్థం కాలేదు.

ఆ పిమ్మట ఆమె ఎరుపు వేయలేదు. అడిగినవారికి వేళ్ళు దొరకటం లేదని చెప్పింది. పసుపు, బూడిద, గోధుమవన్నెలు మాత్రం 2009 వరకు వేసింది. కీళ్ళనొప్పులు వచ్చి చేతులు నీళ్ళలో పెట్టలేని స్థితి వచ్చాక అదీ మానుకుంది. నర్సమ్మకు మరుసటి ఏడాది వేరే ఊరికి బదిలీ అయింది. వెళ్ళేలోపు పెరటి తలుపు మళ్ళీ తట్టలేదు. చిన్నామె కుటుంబం 1999లో ఊరికి అవతలి కొసన ఇల్లు తీసుకొని వెళ్ళిపోయింది. బంధువుల ఇళ్ళలో శుభకార్యాలకు కలిసినప్పుడు ఇద్దరూ పిల్లల చదువుల గురించి, ఆరోగ్యాల గురించి మాట్లాడుకుంటారు. గడియారాల ఆయన 2006లో గుండెజబ్బుతో పోయాడు. చిన్నామె ఉన్న వాటాలో ఇప్పుడొక దర్జీ కుటుంబం అద్దెకుంటున్నది.