వైరు లేని సున్నా

దయ్యాలు, మహిమల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ముప్పై నాలుగేళ్లు యంత్రాలకు ప్రోగ్రాములు రాసి రిటైరయ్యాను. ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాస్తాను. ఇదీ అందులో ఉన్నదే.

కొత్తపేటలో మా అపార్ట్‌మెంటు నీళ్ల మోటారుకు చిన్న ప్రాసెసర్‌తో ఒక పెట్టె చేసి బిగించాను. బయటి నుంచి కబురు వస్తే అది చేస్తున్న పని ఆపి అటు చూడాలి. దాన్నే ఇంటరప్ట్ అంటాం. ఒక్కోదానికీ ఒక నంబరు ఇస్తాం. రెండు కబుర్లు ఒకేసారి వస్తే మా పెట్టెలో చిన్న నంబరుకే ప్రాధాన్యం. పైట్యాంకు నిండితే ఒకటి వస్తుంది, మోటారు ఆగుతుంది. ఖాళీ అయితే రెండు, పది సెకన్లాగి మోటారు నడుస్తుంది. అన్నిటికంటే ముందుండే సున్నాను ప్రమాదంలో ఆపే బటన్‌కు అట్టిపెట్టాను. ఆ బటన్ కొననే లేదు. ప్రాసెసర్‌లో దానికి కేటాయించిన పిన్నుకు వైరు లేదు. ప్రోగ్రాములో కూడా సున్నాను మూసేశాను.

ఒకరోజు ఉదయం వాచ్‌మన్ యాదయ్య నేల కింది నీళ్ల సంపు కడగడానికి దిగాడు. అడుగున ఇంకా మోకాళ్లలోతు నీళ్లున్నాయి.

"సార్, మెయిన్ బంద్ చేసిన్రా?" లోపలి నుంచి అరిచాడు.

"పైట్యాంకు నిండుగా ఉందిలే యాదయ్యా, మోటారు రాదు."

"మీ డబ్బా మీద మీకు మస్తు భరోసా సార్!" అని నవ్వాడు.

పావుగంటకు పెట్టె మీది చిన్న తెరపై రెండు కనిపించింది. పైట్యాంకు కూడా కడుగుదామని ఎవరో నీళ్లన్నీ వదిలేశారట. మెయిన్ స్విచ్ వైపు పరిగెత్తాను. నా మోకాళ్లతో ఆ పది అడుగులే చాలా దూరమయ్యాయి. నేను చేరేలోపే రెండు పోయి సున్నా వచ్చింది. మోటారు కదల్లేదు. స్విచ్ ఆపి గడియారం చూశాను. 11:42.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ సంపులోంచి మోటారు వైరు పైకి లాగి చూపించాడు. నీళ్లలో ఉండే చోట తొడుగు ఊడి రాగి బయటపడింది. మోటారుకు కరెంటు వచ్చి ఉంటే యాదయ్య బతికేవాడు కాదు.

ప్రోగ్రాము మూడుసార్లు చదివాను. సున్నా మూసే ఉంది. నాతో పనిచేసిన ఇద్దరికి పంపాను. వాళ్లకూ ఏమీ దొరకలేదు.

మర్నాడు యాదయ్యకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముందుగా మెయిన్ ఆపలేదని, మోటారును ఆపింది కూడా నేను కాదని. "గట్లనా సార్," అన్నాడు. అంతే.

ఇప్పుడు సంపులో దిగే ముందు తనే వచ్చి మెయిన్ ఆపి, ఫ్యూజు తీసి జేబులో వేసుకుంటాడు. నన్ను అడగడు. అది ఎందుకో నాకు తెలుసు. ఆ రోజు సున్నా ఎందుకొచ్చిందో మాత్రం ఈనాటికీ తెలియదు.